ఫోటో ప్రింటింగ్‌కు ఒరిజినల్ కార్ట్రిడ్జా, రీఫిలా? – గుంటూరు, విజయవాడ సభ్యుల చర్చ

బ్రాడీపేట జెరాక్స్ (గుంటూరు):

సభ్యులందరికీ నమస్కారం. బ్రాడీపేటలో నాకు చిన్న జెరాక్స్ షాపు ఉంది. నలుపు కార్ట్రిడ్జి ఒకటి, మూడు రంగులు కలిసిన కార్ట్రిడ్జి ఒకటి ఉండే మామూలు ఇంక్‌జెట్ ప్రింటరు మీద పాస్‌పోర్టు సైజు ఫోటోలు, 4×6 ఫోటోలు తీసి ఇస్తుంటాను. ఈ మధ్య పెద్దకర్మలో పెట్టుకునే ఫోటోలు కూడా చాలామంది అడుగుతున్నారు. పాత ఆల్బమ్‌లోని బ్లాక్ అండ్ వైట్ ఫోటోను స్కాన్ చేసి, మరకలు తీసేసి, ఏ4 గ్లాసీ పేపరు మీద 8×10 సైజులో ఇస్తున్నాను. ఒరిజినల్ కలర్ కార్ట్రిడ్జి ఒకటి కొనే డబ్బుతో బయట నాలుగైదు సార్లు రీఫిల్ చేయించుకోవచ్చు కనుక ఇంతకాలం రీఫిల్‌తోనే నడుపుకొస్తున్నాను.

ఇప్పుడొక చిక్కు వచ్చిపడింది. ఒక కుటుంబానికి వాళ్ల తాతగారి ఫోటో ఒకే రోజున, ఒకే పేపరు ప్యాకెట్టు నుంచి రెండు కాపీలు తీసి ఇచ్చాను. పెద్ద కొడుకు తన కాపీకి అద్దం వేయించి పటం కట్టించుకున్నారు. అది ఇప్పటికీ చెక్కుచెదరలేదు. చిన్న కొడుకు తన కాపీని అద్దం లేకుండానే హాల్లో షోకేసు లోపలి అరలో, ఎండ పడని చోట నిలబెట్టుకున్నారట. అది సంవత్సరీకం రాకముందే ఎర్రబడిపోయింది. ఆయన దాన్ని షాపుకు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఇది రీఫిల్ ఇంకు వల్లనేనా? ఒరిజినల్ వేస్తే ఇలా జరగదా? వేయాలంటే అన్ని ఫోటోలకూ వేయాల్సిందేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

కొత్తపేట స్టూడియో (గుంటూరు):

మా స్టూడియోలో పాటించే పద్ధతి చెబుతాను. దరఖాస్తు మీద అతికించే పాస్‌పోర్టు ఫోటో నాలుగు నెలలు నిలిస్తే చాలు, దానికి ఒరిజినల్ ఇంకు పోయడం దండగ. గోడకెక్కే ఫోటో మాత్రం ఇచ్చిన వాళ్ల పిల్లలు కూడా చూడాలి. ఆ రెంటినీ ఒకే కార్ట్రిడ్జితో తీయాలనుకోవడం దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. మీరు వాడుతున్న పేపరు ఏ రకమో కూడా చెప్పండి. ఇంకును తిట్టేవాళ్లు తరచుగా పేపరును మరిచిపోతారు.

గవర్నర్‌పేట మెకానిక్ (విజయవాడ):

రంగు వెలిసిపోవడం గురించి మన సభ్యుల్లోని రసాయనశాస్త్రం లెక్చరర్ గారు చెబితే బాగుంటుంది. నేను యంత్రం సంగతి చెబుతాను. ఒరిజినలా రీఫిలా అని అడిగేముందు, ప్రింటరులో ఇంకును చుక్కలుగా చిమ్మే హెడ్డు ఎక్కడుందో తెలుసుకోవాలి. మీరు చెప్పిన రెండు కార్ట్రిడ్జుల రకంలో హెడ్డు కార్ట్రిడ్జికే అంటుకొని ఉంటుంది. హెచ్‌పీ, కెనాన్ కంపెనీల చవక ప్రింటర్లలో చాలావరకు ఇదే ఏర్పాటు. ఇందులో ఇంకు బయటికి వచ్చే ప్రతి సన్నని రంధ్రం (నాజిల్) వెనుకా కంటికి ఆనని హీటరు ఒకటి ఉంటుంది. అది రెప్పపాటులో వేడెక్కి ఇంకులో ఆవిరి బుడగను పుట్టిస్తే, ఆ బుడగ ఇంకు చుక్కను పేపరు మీదికి నెడుతుంది. ఆ హీటరు వేడిని తీసుకుపోయేది కూడా ఆ ఇంకే. అందుకని కార్ట్రిడ్జిని చివరి చుక్క దాకా పిండి వాడిన తర్వాత రీఫిల్‌కు తెచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: లోపల హీటర్లు అప్పటికే కాలిపోయి ఉండవచ్చు, అలా కాలిపోతే ఎంత మంచి ఇంకు నింపినా ఫోటో మీద పడే అడ్డగీతలు పోవు. పైగా ఎండిపోయిన స్పాంజి ఇంకును సరిగా పీల్చుకోదు. రంగు కాస్త పలచబడగానే నింపించుకోవాలి.

నాసిరకం ఇంకుతో మరొక ఇబ్బంది ఉంది. వేడికి సరిగా ఆవిరి కాని పదార్థం అన్నం గిన్నె అడుగున మాడు కట్టినట్లు హీటరు మీద పేరుకుపోతుంది, చుక్క సైజు తగ్గుతుంది. ఎన్ని క్లీనింగులు చేసినా ఆ మాడు వదలదు. అయినా ఈ రకం ప్రింటరులో రీఫిల్ వల్ల వచ్చే నష్టం ఒక కార్ట్రిడ్జితో సరి. కొత్త కార్ట్రిడ్జి వేస్తే కొత్త హెడ్డు వచ్చినట్లే.

ఎప్సన్ లాంటి వాటిలో కథ వేరు. అక్కడ హెడ్డు ప్రింటరులోనే శాశ్వతంగా బిగించి ఉంటుంది. వేడి ఉండదు, కరెంటు తగలగానే ఆకారం మారే పియెజో పలక ఇంకును నొక్కి బయటికి పంపుతుంది. వేడి లేదు కాబట్టి రకరకాల ఇంకులను అది ఓర్చుకుంటుంది, కానీ హెడ్డు పూడుకుపోయిందంటే మార్పించడానికి అయ్యే ఖర్చు ప్రింటరు ధరలో పెద్ద భాగమే ఉంటుంది. మీ ప్రశ్నకు సంబంధించి ఇంకొక మాట. మీ రకం ప్రింటర్లలో నలుపు సాధారణంగా పిగ్మెంట్ ఇంకు (కరగని రేణువులున్నది), రంగులు డై ఇంకు (నీటిలో కరిగినది). ఆ నలుపు గ్లాసీ పేపరు మీద ఇంకదు కాబట్టి, ఫోటో పేపరు అని సెట్టింగు పెట్టగానే చాలా ప్రింటర్లు నల్ల కార్ట్రిడ్జిని పక్కన పెట్టి, మూడు రంగులనూ కలిపి నలుపు తయారుచేస్తాయి. అంటే మీ ఫోటోల నాణ్యతకు నల్ల కార్ట్రిడ్జితో పని లేదు. దాన్ని నిశ్చింతగా రీఫిల్ చేయించుకోండి, కాకపోతే అందులో పిగ్మెంట్ ఇంకే పోయమని చెప్పండి. డై నలుపు పోస్తే మామూలు పేపరు మీద అక్షరాల అంచులు అలుక్కుపోతాయి.

లబ్బీపేట గృహిణి (విజయవాడ):

అందరూ రీఫిల్‌ను దొంగసరుకులాగా మాట్లాడుతున్నారు కనుక నా మాట కూడా వినండి. ఇద్దరు పిల్లల స్కూలు ప్రాజెక్టులు, ఇంట్లో పుట్టినరోజు ఫోటోలు అన్నీ నేను ఇంట్లో సిరంజితో నింపిన కార్ట్రిడ్జితోనే తీస్తాను. పైన ఉన్న స్టిక్కరు తీస్తే మూడు చిల్లులు కనిపిస్తాయి. ఏ చిల్లులో ఏ రంగుందో టూత్‌పిక్కు ముంచి చూసుకోవాలి, ఎందుకంటే ఆ వరుస అన్ని కంపెనీలకూ ఒకటిగా ఉండదు. సూదిని స్పాంజిలోకి దించి చాలా నెమ్మదిగా వదలాలి. తొందరపడితే గాలి బుడగ చేరుతుంది, లేదా ఒక రంగు పొంగి పక్క గదిలోకి పోతుంది. పసుపులో నీలం ఒక్క బొట్టు పడినా ఆ కార్ట్రిడ్జి ఫోటోలకు పనికిరాదు. నింపిన తర్వాత నాజిల్ వైపు కిందికి ఉంచి, తడిపిన టిష్యూ మీద అద్ది, మూడు రంగులూ విడివిడిగా గీతల్లా పడుతున్నాయో లేదో చూసుకొని ప్రింటరులో పెడతాను. ఇంకు అయిపోయిందని ప్రింటరు మొరాయిస్తే, కెనాన్‌లో స్టాప్ బటన్‌ను కనీసం ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే లెక్క చూడటం మానేసి పని చేస్తుంది.

ఒరిజినల్ మూడు రంగుల కార్ట్రిడ్జిలో ఒక్క రంగు అయిపోయినా మిగిలిన రెండు రంగులను పారేయాల్సిందే కదా! మా పిల్లల బొమ్మల్లో ఆకాశం ఎక్కువ, నీలం ముందు అయిపోతుంది. ఆ ఒక్క నీలం కోసం మొత్తం కొనమనడం కంపెనీలకు న్యాయమేనా?

కొత్తపేట స్టూడియో (గుంటూరు):

అమ్మా, మీరు చేసే పద్ధతిలో తప్పేమీ లేదు, నిజానికి చాలా రీఫిల్ షాపుల్లో కుర్రాళ్ల కన్నా జాగ్రత్తగా చేస్తున్నారు. మీ ఫోటో వెలిసిపోతే మీరే మరొకటి తీసుకుంటారు. బ్రాడీపేట మిత్రుడు డబ్బు పుచ్చుకొని ఇస్తున్నారు, తేడా అక్కడే.

రసాయనశాస్త్రం లెక్చరర్ (గుంటూరు):

బ్రాడీపేట వారు చెప్పిన రెండు కాపీల సంగతి చాలా విలువైనది. ఇంకు ఒకటే, పేపరు ఒకటే, రోజు ఒకటే. ఒకటి అద్దం వెనుక ఉంది, మరొకటి ఎండ తగలకపోయినా గాలికి తెరిచి ఉంది. ఎర్రబడింది గాలికి ఉన్నది. దీన్నిబట్టి ఇక్కడ ప్రధాన దోషి వెలుతురు కాదు, గాలిలోని ఓజోన్ అని ఊహించవచ్చు. ఓజోన్ కొన్ని రకాల నీలం డైలను మిగతా రంగుల కన్నా త్వరగా విరగ్గొడుతుంది. మీ బ్లాక్ అండ్ వైట్ ఫోటోలోని బూడిద రంగు, మెకానిక్ గారు చెప్పినట్లు, నీలం, మెజెంటా (ముదురు గులాబీ), పసుపు మూడూ కలిసి ఏర్పడినదే. అందులోంచి నీలం తగ్గిపోతే మిగిలేది మెజెంటా, పసుపు, అంటే ఎరుపు. రంగుల ఫోటోలో ఈ మార్పు చీర రంగులోనో చెట్ల ఆకుల్లోనో కలిసిపోయి చాలాకాలం కంటికి తెలియదు. బ్లాక్ అండ్ వైట్‌లో దాగడానికి చోటు లేదు.

డై అంటే నీటిలో పూర్తిగా కరిగిపోయిన రంగు. అణువులు విడివిడిగా ఉంటాయి కాబట్టి ఓజోన్‌కూ, కాంతికీ ఒక్కొక్కటిగా దొరికిపోతాయి. పిగ్మెంట్ అంటే కరగకుండా తేలియాడే అతి సూక్ష్మమైన రేణువులు. పై పొరలోని అణువులు పోయినా లోపలివి మిగులుతాయి, అందుకే ఎక్కువ కాలం నిలుస్తుంది. గ్యాలరీలకు ప్రింట్లు తీసే ఖరీదైన ఫోటో ప్రింటర్లు పిగ్మెంట్ ఇంకులను వాడటానికి ప్రధాన కారణం ఇదే. గ్లాసీ పేపరు మీద మెరుపు, నిగారింపు మాత్రం డై ఇంకుతో సులభంగా వస్తాయి.

ఇక పేపరు. మార్కెట్లో దొరికే తక్షణం ఆరిపోయే గ్లాసీ పేపర్లు ఎక్కువగా మైక్రోపోరస్ రకం. వాటి పైపూత నిండా కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. ఇంకు వాటిలోకి దిగి వెంటనే ఆరుతుంది. అవే రంధ్రాల గుండా గాలి కూడా రంగు దాకా వెళుతుంది. పాత రకం పూత పేపరు ఒకటుంది, అది తడికి ఉబ్బి రంగును తనలో మూసేసుకుంటుంది. అది ఓజోన్ నుంచి బాగా కాపాడుతుంది కానీ ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, మన కృష్ణా తీరపు వర్షాకాలపు తేమలో వేలిముద్రలు పడతాయి.

కనుక మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది: ఒరిజినల్ ఇంకు వేసినా అదే పేపరు మీద, అద్దం లేకుండా పెడితే కొంత వెలుస్తుంది. అయితే పెద్ద కంపెనీలు తమ ఫోటో ఇంకుల్లో ఓజోన్‌కు తట్టుకునే డైల మీద ఎంతో పరిశోధన చేశాయి. రీఫిల్ సీసాలో ఏ డై ఉందో అమ్మేవాడికి కూడా తెలియదు. ప్రింట్ల మన్నికను పరీక్షించే విల్హెల్మ్ ఇమేజింగ్ రీసెర్చ్ లాంటి సంస్థలు కూడా ఇంకుకు ఒక్కదానికే మన్నిక లెక్క ఇవ్వవు. ఫలానా ఇంకు ఫలానా పేపరు మీద, అద్దం వెనుక అయితే ఇంత, విడిగా అయితే ఇంత అని జంటగా చెబుతాయి. మీరు ఇంట్లోనే చిన్న పరీక్ష చేసుకోవచ్చు. ఒక బూడిద రంగు చదరాన్ని ప్రింటు తీసి, సగాన్ని నల్ల అట్టతో కప్పి, పశ్చిమం కిటికీకి ఈ వేసవి అంతా అతికించి ఉంచండి. కప్పని సగం మాత్రమే వెలిస్తే కాంతి పని. కప్పిన సగం కూడా రంగు మారితే గాలి పని.

బ్రాడీపేట జెరాక్స్ (గుంటూరు):

లెక్చరర్ గారికి చాలా ధన్యవాదాలు. పేపరు 180 జీఎస్ఎం (చదరపు మీటరుకు 180 గ్రాములు), మీరు చెప్పిన తక్షణం ఆరే రకమే. మరొక సందేహం. రీఫిల్ చేయించిన ప్రతిసారీ ముఖాల రంగు ఒక్కో రకంగా వస్తోంది, ఒకసారి పచ్చదనం, ఒకసారి గులాబీ. ఫోటోషాప్‌లో సరిచేసి నెట్టుకొస్తున్నాను. దీనికి శాశ్వతమైన ఉపాయం ఉందా?

ఆల్బమ్ డిజైనర్ (సత్యనారాయణపురం, విజయవాడ):

ఉంది కానీ మీకు సరిపడదు. ప్రింటరు డ్రైవరులో మీరు ఫోటో పేపరు రకాన్ని ఎంచుకోగానే, ఏ రంగుకు ఏ ఇంకు ఎంత వేయాలో చెప్పే పట్టిక ఒకటి అమలులోకి వస్తుంది. ఆ పట్టికను కంపెనీ తన ఇంకుతో, తన పేపరుతో తయారుచేసింది. మీ సీసాలోని మెజెంటా కంపెనీ మెజెంటా కాదు కాబట్టి లెక్క తప్పుతుంది, చర్మం రంగు అందరికన్నా ముందు దాన్ని పట్టిస్తుంది. వేరే ఇంకు వాడేవాళ్లు వందల రంగు గడులున్న చార్టును ప్రింటు తీసి, రంగును కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలిపించి, ఆ ఇంకుకూ ఆ పేపరుకూ ప్రత్యేకంగా అలాంటి పట్టికనే, అంటే ఐసీసీ ప్రొఫైల్‌ను, చేయించుకుంటారు. అలా చేస్తే కంపాటిబుల్ ఇంకుతో (వేరే కంపెనీ చేసిన ఇంకుతో) కూడా ఒరిజినల్‌కు దీటైన రంగు వస్తుంది, ఇది నేను స్వయంగా చూసిన విషయం. కానీ ఆ ప్రొఫైల్ పని చేయాలంటే ఇంకు ప్రతిసారీ అదే ఉండాలి. మీరు వెళ్లే షాపువాడు ఈ నెల ఒక డబ్బా, వచ్చే నెల ఏది చవకగా దొరికితే ఆ డబ్బా తెచ్చి నింపుతుంటే ఏ ప్రొఫైల్ చేయించి ఏం లాభం?

అందువల్ల నా దృష్టిలో అసలు తేడా ఒరిజినల్‌కూ రీఫిల్‌కూ మధ్య లేదు, పేరున్న ఇంకుకూ పేరులేని ఇంకుకూ మధ్య ఉంది. రీఫిలే చేయాలంటే ఒకే బ్రాండు సీసాలను మీరే కొని దగ్గర పెట్టుకొని, మీ కళ్ల ముందే నింపించండి. ఫోటోషాప్‌లో ముఖాన్ని చూసి సరిచేయడం మాని, తెలుపు నుంచి నలుపు దాకా మెట్లుగా ఉన్న బూడిద రంగు పట్టీని ప్రతి రీఫిల్ తర్వాత ఒకసారి తీసి చూడండి. ఏ మెట్టు దగ్గర ఏ రంగు తొంగిచూస్తోందో పట్టపగలు వెలుతురులో తెలిసిపోతుంది. ట్యూబులైటు కింద చూస్తే మోసపోతారు.

ఏలూరు రోడ్డు సందేహం (విజయవాడ):

అందరూ ఒరిజినల్ అంటున్నారు, మార్కెట్లో దొరికేది ఒరిజినలేనన్న నమ్మకం ఏమిటి? ఖాళీ ఒరిజినల్ కార్ట్రిడ్జిలో ఏదో ఇంకు నింపి, కొత్త పెట్టెలో పెట్టి, సీలు వేసి అమ్మే డూప్లికేటును ఒక దుకాణంలో పూర్తి ధరకు కొన్నాను. ఇంకో మాట. కంపెనీలు చిప్పులు పెట్టి వేరే కార్ట్రిడ్జులను అడ్డుకుంటున్నాయి. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ కొన్ని ఆఫీసు ప్రింటర్లలో అంతకుముందు పని చేస్తున్న ఇతర కంపెనీల కార్ట్రిడ్జులను ఉన్నట్టుండి తిరస్కరించడం అప్పట్లో పెద్ద గొడవైంది. లెక్స్‌మార్క్ అనే ప్రింటర్ల కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, అమ్మిన కార్ట్రిడ్జి మీద కంపెనీకి పేటెంటు హక్కు ఇక మిగలదని 2017లో తీర్పు ఇచ్చింది. అది ఆ దేశపు తీర్పే అయినా, రీఫిల్ చేయడం నేరమేమీ కాదని చెప్పడానికి ఉదాహరిస్తున్నాను.

గవర్నర్‌పేట మెకానిక్ (విజయవాడ):

రీఫిల్ నేరమని ఇక్కడ ఎవరూ అనలేదండి, అది నా బతుకుతెరువు కూడా. డూప్లికేటు విషయంలో మీ మాట నిజం. పెట్టె మీది సెక్యూరిటీ లేబుల్‌ను ఫోనుతో స్కాన్ చేసి చూసుకోవడం, బిల్లు లేకుండా కొనకపోవడం, సగం ధరకు ఒరిజినల్ ఇస్తానంటే నమ్మకపోవడం, చేయగలిగింది అంతే.

బ్రాడీపేట వారికి ఒక లెక్క చెబుతాను. పెట్టె మీద ఇన్ని పేజీలు వస్తాయని రాసి ఉండే అంకె ఫోటోలకు వర్తించదు. అది సాధారణంగా ఐఎస్ఓ 24711 అనే అంతర్జాతీయ ప్రమాణం పద్ధతిలో, 24712లో నిర్ణయించిన ఆఫీసు కాగితాల్లాంటి పేజీలతో తీసిన లెక్క. ఆ పేజీల్లో తెల్ల జాగాయే ఎక్కువ. 8×10 ఫోటోలో అంచు నుంచి అంచు దాకా ఇంకే. అందుకని పెట్టె మీది అంకె చూసి ఫోటో ధర కట్టకండి. ఒక కొత్త కార్ట్రిడ్జి పెట్టి, వరుసగా మీరు తీసే రకం ఫోటోలనే తీసి, ఎన్ని వచ్చాయో రాసుకొని ధర కట్టండి. అలా కట్టి చూసినవాళ్లు ఎక్కువమంది చివరికి కార్ట్రిడ్జి ప్రింటరునే వదిలేస్తారు.

మీ పనికి నేను సిఫారసు చేసేది ఆరు రంగుల ట్యాంకు ప్రింటరు. ఒకప్పుడు మన దగ్గర కార్ట్రిడ్జులకు గొట్టాలు తగిలించి, పక్కన సీసాలు పెట్టుకొని నడిపేవాళ్లం. ఆ అవసరాన్ని చూసి కంపెనీయే ట్యాంకును ప్రింటరుతో కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది; ఎప్సన్ 2010లో ఇండోనేషియాలో మొదట విడుదల చేసింది. ఎల్805, దాని తర్వాత వచ్చిన ఎల్8050 లాంటి వాటిలో లేత నీలం, లేత మెజెంటా అదనంగా ఉంటాయి కాబట్టి బుగ్గల మీద, ఆకాశంలో చుక్కలు చుక్కలుగా కనిపించదు. సీసా ఇంకు ఒరిజినలే అయినా మిల్లీలీటరు లెక్కన కార్ట్రిడ్జి ఇంకు కన్నా ఎంతో చవక. అప్పుడు రీఫిలా ఒరిజినలా అన్న తగువే ఉండదు. అక్కడ కూడా ఆశపడి చవక సీసాలు పోసేవాళ్లున్నారు, వాళ్ల హెడ్లే మా దగ్గరికి వస్తుంటాయి.

రెండు జాగ్రత్తలు. ప్రింటరును దాని బటన్‌తోనే ఆపాలి. గోడ బోర్డు స్విచ్చి నొక్కి ఆపితే హెడ్డు తన మూత మీదికి చేరకుండా మధ్యలోనే నిలిచిపోతుంది, మన ఎండలకు నాజిల్ ఎండిపోతుంది. కరెంటు పోయే వేళలు ఎక్కువైతే చిన్న యూపీఎస్ పెట్టుకోండి. వేసవి సెలవుల్లో షాపు మూసినా వారానికి ఒక రంగుల పేజీ తీయండి, లేకపోతే తర్వాత క్లీనింగుల మీద క్లీనింగులు చేస్తే ఇంకంతా ప్రింటరు అడుగున ఉండే వేస్టు ప్యాడ్‌లోకి (వృథా ఇంకును పీల్చే మెత్తలోకి) పోతుంది. ఆ ప్యాడ్ నిండిందని ప్రింటరు ఆగిపోయినప్పుడు, ప్యాడ్ మార్చకుండా కంప్యూటరుతో కౌంటరును మాత్రం సున్నా చేసి ఇచ్చే వాళ్లను నమ్మవద్దు. కొన్నాళ్లకు అడుగు నుంచి ఇంకు బల్ల మీదికి కారుతుంది.

కొత్తపేట స్టూడియో (గుంటూరు):

ట్యాంకు ప్రింటరు కొనేదాకా పెద్దకర్మ ఫోటోలను ల్యాబులో తీయించండి. అక్కడ ఇంకు ప్రసక్తే లేదు. కాంతికి స్పందించే పేపరు మీద లేజరుతో బొమ్మ పడి, రసాయనాల్లో కడిగి వస్తుంది. అది కూడా శాశ్వతం కాదు కానీ ఓజోన్‌కు ఇంత సులభంగా లొంగదు. పెళ్లి ఆల్బమ్‌లు తీసే ల్యాబులు గుంటూరులోనూ, విజయవాడలోనూ ఉన్నాయి. ఉదయం ఫైలు పంపితే సాయంత్రానికి ఇచ్చేవాళ్లున్నారు. కర్మ తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి తొందర లేదు.

ఎక్కడ తీయించినా పటానికి అద్దం వేయించమని మీరే చెప్పండి. దీపం పెట్టే చోట నూనె పొగ కూడా పేరుకుంటుంది. ఫోటో అద్దానికి అంటుకోకుండా చుట్టూ సన్నని అట్ట వేయించాలి, లేకపోతే తేమకు అతుక్కుపోయి మళ్లీ ఊడిరాదు. ఇంక్‌జెట్ ఫోటోను ఒక రోజంతా ఆరనిచ్చాకే ఫ్రేములో బిగించాలి, లామినేషన్ చేయించినా అంతే.

బ్రాడీపేట జెరాక్స్ (గుంటూరు):

అందరికీ కృతజ్ఞతలు. పాస్‌పోర్టు ఫోటోలకు రీఫిల్ కొనసాగిస్తాను, కాకపోతే డిజైనర్ గారు చెప్పినట్లు ఒకే బ్రాండు సీసాలు కొని పెట్టుకుంటాను. గోడకెక్కే ఫోటోలను ల్యాబుకు పంపుతాను, ట్యాంకు ప్రింటరు సంగతి కాలేజీలు తెరిచాక చూస్తాను. ఆ చిన్న కొడుకు గారికి ల్యాబులో కొత్త కాపీ తీయించి, అద్దంతో పటం కట్టించి ఇస్తున్నాను. చివరిగా ఒక ప్రశ్న. ఇప్పుడు ప్రింటరులో ఉన్న కలర్ కార్ట్రిడ్జిలో పాత ఇంకు సగం ఉంది. కొత్త బ్రాండు ఇంకును దాని మీదే పోయవచ్చా?

గవర్నర్‌పేట మెకానిక్ (విజయవాడ):

పోయవద్దు. రెండు రకాల ఇంకులు కలిస్తే కొన్ని గడ్డకట్టి నాజిల్‌ను మూసేస్తాయి, కలిసిపోయినా రంగు ఏదీ కాకుండా పోతుంది. ఉన్న సగాన్ని మామూలు పేపరు మీద రంగుల ప్రింట్లకు వాడండి, కానీ పూర్తిగా ఎండనివ్వకండి. కొత్త బ్రాండుకు విడిగా ఒక ఒరిజినల్ కార్ట్రిడ్జి కొని, మొదటిసారి దాని ఇంకును వాడుకొని, రంగు పలచబడగానే అందులో నింపడం మొదలుపెట్టండి. మొదటి నింపుడులో పాత ఇంకు కాస్త మిగిలే ఉంటుంది, కాబట్టి ఓ నాలుగైదు రంగుల పేజీలు తీసేసి, ఆ తర్వాతే బూడిద పట్టీ తీసి చూడండి.